యంత్రం తీరెరిగితేనే డ్రైవ్‌తో ఆదా

పొరుగు మిల్లును చూసి కొంటే ఖర్చే మిగులు

గుంటూరు: మిర్చి కోతలు మొదలైతే శీతల గిడ్డంగుల్లో కంప్రెసర్లు, పత్తి తీతలు మొదలైతే జిన్నింగు మిల్లుల్లో రోలర్లు, వరి నూర్పిళ్లు పూర్తయితే బియ్యం మిల్లుల్లో పాలిషర్లు.. ఉమ్మడి గుంటూరు జిల్లాలో ఏడాది పొడవునా ఏదో ఒక మూల మోటార్లు తిరుగుతూనే ఉంటాయి. పిడుగురాళ్ల సున్నపు బట్టీలకు, పల్నాటి సిమెంటు కర్మాగారాలకు, నూలు మిల్లులకు రుతువులతో పని లేదు. వీటిలో అత్యధిక భాగాన్ని తిప్పుతున్నది ఒకే జాతి మోటారు. అదే మూడు ఫేజుల ఇండక్షన్ మోటారు. మోటారు ఒకే జాతిదైనా అది మోసే బరువు స్వభావం మాత్రం ఒకటి కాదు. ఫ్యానుకు చక్కగా సరిపోయిన అమరిక క్రషర్‌ను కదిలించలేదు. క్రషర్‌కు తగినది జిన్నింగు మిల్లులో పెడితే నిప్పుకు దారి తీయవచ్చు.

ఈ తేడా గుర్తించకుండా పొరుగు మిల్లులో పెట్టారనో, కరెంటు బిల్లు సగానికి తగ్గుతుందని అమ్మకందారు చెప్పారనో వేగాన్ని మార్చే డ్రైవ్‌లు కొంటే ఆదా మాట అటుంచి, మోటారు కాలి సీజను మధ్యలో మిల్లు ఆగిపోయే ప్రమాదం ఉంది. అలాగని డ్రైవ్ పేరెత్తితేనే భయపడి పాత పద్ధతినే పట్టుకు వేలాడేవారు ఏటా లక్షల రూపాయల విద్యుత్తును గాలిలో కలుపుతున్నారు. ప్రపంచంలో వినియోగమయ్యే మొత్తం విద్యుత్తులో దాదాపు 45 శాతం మోటార్లకే ఖర్చవుతోందని అంతర్జాతీయ ఇంధన సంస్థ 2011లో ప్రచురించిన అధ్యయనం పేర్కొంది. కాబట్టి ఏ యంత్రానికి ఏ మోటారు, ఏ డ్రైవ్ అన్న ప్రశ్న ఇంజినీర్లకు మాత్రమే సంబంధించినది కాదు.

డ్రైవ్ అంటే..

మార్కెట్లో డ్రైవ్ అనగానే వేరియబుల్ ఫ్రీక్వెన్సీ డ్రైవ్, అంటే వీఎఫ్‌డీ అనే అర్థం స్థిరపడిపోయింది. నిజానికి మోటారు, దాన్ని మొదలుపెట్టే స్టార్టరు, వేగాన్ని అదుపు చేసే పరికరం, బెల్టు లేదా గేరుపెట్టె.. యంత్రాన్ని నడిపే ఈ మొత్తం ఏర్పాటునే డ్రైవ్ అనాలి. వీఎఫ్‌డీ అందులో ఒక రకం మాత్రమే.

ఇండక్షన్ మోటారు వేగాన్ని నిర్ణయించేవి రెండు. ఒకటి సరఫరా ఫ్రీక్వెన్సీ, రెండు మోటారులోని ధ్రువాల సంఖ్య. మన 50 హెర్ట్జ్ సరఫరాపై నాలుగు ధ్రువాల మోటారులో అయస్కాంత క్షేత్రం నిమిషానికి 1500 చుట్లు తిరుగుతుంది. మోటారు దానికన్నా కొంచెం వెనకబడి 1440 నుంచి 1480 చుట్ల వరకు తిరుగుతుంది. ధ్రువాలను మార్చడం సులభం కాదు గనుక ఫ్రీక్వెన్సీని మార్చేందుకు వీఎఫ్‌డీ వచ్చింది. అది వచ్చిన విద్యుత్తును మొదట డీసీగా మార్చి, తిరిగి కోరిన ఫ్రీక్వెన్సీతో ఏసీగా మోటారుకు అందిస్తుంది. ఫ్రీక్వెన్సీతోపాటు వోల్టేజీనీ అదే నిష్పత్తిలో తగ్గిస్తుంది.

బరువుల్లో రకాలు

మోటారు ఎంపికలో ముందుగా చూడవలసింది హార్స్‌పవర్ కాదు, వేగం మారితే యంత్రం కోరే బలం ఎలా మారుతుందన్నది. తిప్పే ఈ బలాన్నే టార్క్ అంటారు. ఫ్యాన్లు, సెంట్రిఫ్యూగల్ పంపులు మొదలయ్యేటప్పుడు చాలా తేలిక. వేగం పెరిగేకొద్దీ వాటి బరువు వర్గ నిష్పత్తిలో పెరుగుతుంది. కన్వేయర్ బెల్టు, ధాన్యం ఎలివేటర్, పిస్టన్ కంప్రెసర్ అలా కావు. నెమ్మదిగా తిరిగినా, వేగంగా తిరిగినా దాదాపు ఒకే బలం కోరుతాయి. బస్తాలతో నిండిన కన్వేయర్‌ను నిలిచిన చోటి నుంచి కదిలించడానికి నడుస్తున్నప్పటి కంటే ఎక్కువ బలమే కావాలి. ఇక క్రషర్లు, ప్రెస్సులది కుదుపుల బరువు. క్షణం పాటు రెట్టింపు భారం పడుతుంది, మరుక్షణం ఖాళీగా తిరుగుతాయి. లేతు మిషను స్పిండిల్ వంటివి తక్కువ వేగంలో ఎక్కువ బలాన్ని, ఎక్కువ వేగంలో తక్కువ బలాన్ని కోరే నాలుగో రకం. జిల్లాలో వర్కుషాపులకు తప్ప దానితో ఎక్కువ మందికి పని పడదు.

మొదలుపెట్టే చోటే పరీక్ష

మోటారును నేరుగా లైనుకు కలిపితే అది పూర్తి భారంలో తీసుకునే కరెంటుకు ఆరేడు రెట్లు లాగుతుంది. చిన్న మోటార్లకు దీనివల్ల ఇబ్బంది లేదు. పెద్ద మోటారు అయితే ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీ పడిపోయి పక్కనున్న యంత్రాలు కుంటుతాయి. దీనికి విరుగుడుగా మన మిల్లుల్లో దశాబ్దాలుగా వాడుతున్నది స్టార్-డెల్టా స్టార్టరు. స్టార్ స్థితిలో లైను కరెంటు మూడో వంతుకు తగ్గుతుంది. చాలామంది మరచిపోయేదేమిటంటే తిప్పే బలం కూడా మూడో వంతుకే తగ్గుతుంది. ఖాళీగా మొదలయ్యే ఫ్యానుకో, పంపుకో ఇది సరిపోతుంది. ధాన్యం నిండి ఆగిపోయిన ఎలివేటర్‌కు సరిపోదు. అక్కడ మోటారు స్టార్‌లో మూలుగుతూ నిలబడిపోతుంది. టైమరు డెల్టాకు మార్చగానే ఒక్కసారిగా కరెంటు ఎగసి ఫ్యూజులు ఎగిరిపోతాయి. స్టార్టరు మంచిది కాదని నింద వేస్తారు గానీ తప్పు ఎంపికలో ఉంది.

సాఫ్ట్ స్టార్టరు వోల్టేజీని మెల్లగా పెంచుతూ మోటారును కుదుపు లేకుండా లేపుతుంది. బెల్టులు, గేర్లు, పంపు పైపులు ఎక్కువ కాలం మన్నుతాయి. అయితే టార్క్ వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది. వోల్టేజీ సగమైతే బలం నాలుగో వంతు. కాబట్టి బరువుతో మొదలయ్యే యంత్రాలకు ఇదీ సరిపడదు. పైగా మోటారు పూర్తి వేగం అందుకున్నాక సాఫ్ట్ స్టార్టరుకు వేగాన్ని మార్చే శక్తి లేదు. నడుస్తున్నప్పటి విద్యుత్తును ఇది చెప్పుకోదగినంత ఆదా చేయదు.

సాఫ్ట్ స్టార్టరు పెడితే డిమాండు చార్జీలు తగ్గుతాయన్న ప్రచారం మరొకటి ఉంది. మాగ్జిమం డిమాండును మీటరు క్షణాల లెక్కన నమోదు చేయదు. పదిహేను నిమిషాలు లేదా అరగంట వ్యవధిలోని సగటును తీసుకుంటుంది. పది సెకన్ల పాటు ఎగసిన కరెంటు ఆ సగటులో దాదాపు కనిపించదు. రోజుకు ఒకటి రెండు సార్లు మొదలయ్యే మోటారుకు ఈ కారణంతో డబ్బు పెట్టడం వృథా.

ఫ్యాను వేగం ఐదో వంతు తగ్గితే..

వీఎఫ్‌డీ అసలు విలువ తెలిసేది ఫ్యాన్లు, సెంట్రిఫ్యూగల్ పంపుల వద్దే. వీటిలో గాలి లేదా నీటి పరిమాణం వేగంతో సమానంగా తగ్గుతుంది. కావలసిన శక్తి మాత్రం వేగం ఘనాన్ని బట్టి తగ్గుతుంది. వేగాన్ని 80 శాతానికి దించితే శక్తి 51 శాతానికి పడిపోతుంది. పాత పద్ధతిలో గాలి తగ్గించాలంటే దారిలో డంపర్ మూస్తారు. అంటే ఒక కాలు యాక్సిలరేటర్ మీద, మరో కాలు బ్రేకు మీద పెట్టి బండి నడపడమే.

ఒక లెక్క చూద్దాం. 20 హార్స్‌పవర్, అంటే దాదాపు 15 కిలోవాట్ల ఫ్యాను డంపర్ సగం మూసి 80 శాతం గాలితో నడుస్తూ 13 కిలోవాట్లు తీసుకుంటోందనుకుందాం. అదే గాలిని వేగం తగ్గించి తీసుకుంటే డ్రైవ్ నష్టాలు కలిపినా దాదాపు 8.5 కిలోవాట్లు చాలు. గంటకు 4.5 యూనిట్లు మిగులు. ఏడాదికి 6,000 గంటలు నడిస్తే 27,000 యూనిట్లు. యూనిట్ 7 రూపాయలుగా లెక్కిస్తే 1,89,000 రూపాయలు. ఆ ఫ్యానే ఏడాదికి 500 గంటలు మాత్రమే నడిస్తే ఆదా 16 వేల రూపాయలు కూడా ఉండదు. కొనేముందు వేయవలసిన లెక్క ఇదే.

పంపుల విషయంలో మరో చిక్కుంది. ఈ ఘన నియమం పైపుల రాపిడిని ఎదిరించే పంపులకు పూర్తిగా వర్తిస్తుంది గానీ నీటిని ఎత్తుకు తోడే పంపులకు కాదు. వాల్వు మూసినప్పుడు 42 మీటర్ల పీడనం ఇచ్చే పంపు నీటిని 30 మీటర్ల ఎత్తునున్న ట్యాంకుకు పంపుతోందనుకుందాం. వేగాన్ని 15 శాతం తగ్గిస్తే ఆ 42 మీటర్లు దాదాపు 30 మీటర్లకు దిగిపోతాయి. మోటారు తిరుగుతుంది, మీటరూ తిరుగుతుంది, ట్యాంకులోకి మాత్రం నీరు దాదాపుగా చేరదు. ఇలాంటి చోట సరైన సైజు పంపును ఎంచుకుని, ట్యాంకు నిండగానే ఆపేసే ఏర్పాటు చేయడమే చవకైన మార్గం.

శీతల గిడ్డంగిలో రెండింతల మేలు

గుంటూరు చుట్టుపక్కల మిర్చి గిడ్డంగులు ఎంపికలోని మెలకువలకు మంచి ఉదాహరణ. టిక్కీలు లోపలికి చేరే వేసవి నెలల్లో బయటి వేడి, సరుకు వేడి కలిసి కంప్రెసర్లు పూర్తి భారంతో పనిచేస్తాయి. సరుకు చల్లబడ్డాక భారం బాగా తగ్గుతుంది. గదుల్లో గాలి తిప్పే ఫ్యాన్లు మాత్రం అదే వేగంతో తిరుగుతుంటాయి. ఫ్యాను తీసుకునే కరెంటంతా చివరకు గదిలో వేడిగానే మారుతుంది. ఆ వేడిని మళ్లీ కంప్రెసరే బయటకు తోడాలి. కాబట్టి ఇక్కడ ఫ్యాను వేగం తగ్గిస్తే ఫ్యాను వద్ద ఒకసారి, కంప్రెసర్ వద్ద మరోసారి ఆదా అవుతుంది. సరుకు పేర్పు మధ్య గాలి అందని మూలలు ఏర్పడకుండా కనీస వేగాన్ని మాత్రం ముందుగా పరీక్షించి నిర్ణయించుకోవాలి.

అమ్మోనియా పిస్టన్ కంప్రెసర్ల కథ వేరు. వాటి బరువు వేగంతో పెద్దగా మారదు. వేగం తగ్గితే శక్తి అదే నిష్పత్తిలో తగ్గుతుందే తప్ప ఫ్యానులా ఘనంగా తగ్గదు. పైగా షాఫ్టుతోనే తిరిగే ఆయిల్ పంపు ఉన్న కంప్రెసర్ల వేగం మరీ తగ్గిస్తే నూనె పీడనం పడిపోయి బేరింగులు దెబ్బతింటాయి. తయారీదారు చెప్పిన కనీస వేగానికి దిగువకు పోరాదు. రెండు మూడు కంప్రెసర్లున్న చోట అవసరాన్ని బట్టి ఒకదాన్ని ఆపుకోవడం, అన్‌లోడర్‌తో భారం తగ్గించి మొదలుపెట్టడం చాలావరకు సరిపోతాయి. స్క్రూ కంప్రెసర్లకు మాత్రం వీఎఫ్‌డీ బాగా నప్పుతుంది. అవి స్లైడ్ వాల్వుతో సగం భారానికి దిగినప్పుడు విద్యుత్తు ఆ మేరకు తగ్గదు.

దూది ఉన్న చోట నిప్పురవ్వ వద్దు

జిన్నింగు మిల్లుల్లో మొదట ఆలోచించవలసింది ఆదా గురించి కాదు, అగ్ని ప్రమాదం గురించి. గాలిలో తేలే దూది నూగు మోటారు రెక్కల్లోకి, ప్యానల్‌లోకి చేరుతుంది. బ్రష్షుల వద్ద రవ్వలు రాగల స్లిప్‌రింగ్ మోటార్లు ఇక్కడ పనికిరావు. పూర్తిగా మూసి ఉండి, వెనుక ఫ్యానుతో చల్లబడే స్క్విరెల్ కేజ్ మోటార్లే తగినవి. ప్యానళ్లను మిల్లు హాలు బయట ప్రత్యేక గదిలో ఉంచాలి. జిన్నింగు రోలర్లు దాదాపు స్థిర వేగంతో నడుస్తాయి గనుక వాటికి వీఎఫ్‌డీ తెచ్చిపెట్టే ఆదా స్వల్పం. పత్తిని గొట్టాల ద్వారా లాగే పెద్ద బ్లోయర్ల వద్ద మాత్రం లెక్క వేసి చూడవచ్చు.

నూలు మిల్లుల్లో వీఎఫ్‌డీ కొనేది కరెంటు ఆదా కోసం మాత్రమే కాదు, దారం కోసం. రింగ్ ఫ్రేములో కాప్ మొదలయ్యేటప్పుడు, ముగిసేటప్పుడు దారంపై లాగుడు ఎక్కువై తెగిపోతుంటుంది. ఆ రెండు దశల్లో వేగం తగ్గించి, మధ్యలో పెంచితే తెగుళ్లు తగ్గి ఉత్పత్తి పెరుగుతుంది. అదే మిల్లులో తేమను నిలిపే హ్యూమిడిఫికేషన్ ప్లాంటు ఫ్యాన్లు రాత్రీ పగలూ తిరుగుతాయి. వానాకాలానికీ ఎండాకాలానికీ కావలసిన గాలి ఒకటి కాదు. మిల్లులో మొదటి వీఎఫ్‌డీ ఎక్కడ పెట్టాలని అడిగితే వెతుక్కోకుండా చూపగల చోటు ఇదే.

రాయి నలిగే చోట స్లిప్‌రింగ్

జా క్రషర్ దవడల మధ్య రాళ్లు ఉండగా కరెంటు పోయిందనుకోండి. తిరిగి వచ్చాక నిండు బరువుతో యంత్రాన్ని కదిలించాలి. ఇలాంటి చోట స్లిప్‌రింగ్ మోటారుది ప్రత్యేక స్థానం. రోటారుకు బయటి నుంచి రెసిస్టెన్స్ కలిపితే కరెంటు రెండు రెండున్నర రెట్లకు మించకుండానే దాదాపు గరిష్ఠ బలాన్ని మొదటి చుట్టులోనే ఇస్తుంది. బ్రష్షులు మార్చడం, రింగుల దుమ్ము దులపడం వంటి సేవలు చేయక తప్పదు. సిమెంటు కర్మాగారాల్లోని పెద్ద బాల్ మిల్లులకూ ఇదే మోటారును లిక్విడ్ రెసిస్టెన్స్ స్టార్టరుతో వాడటం పరిపాటి. పూర్తి భారంతో, ఒకే వేగంతో నడిచే ఇలాంటి వాటికి వీఎఫ్‌డీ పెడితే ఎదురు ఖర్చే. డ్రైవ్ తనలో తాను మూడు శాతం వరకు విద్యుత్తు తింటుంది. 37 కిలోవాట్ల మోటారుపై అది గంటకు ఒక యూనిట్ పైమాటే.

అదే కర్మాగారంలో కిల్న్ ఫ్యాన్లను మాత్రం రోటారు రెసిస్టెన్స్‌తో వేగం తగ్గించి నడపడం నష్టదాయకం. వేగం 80 శాతానికి దిగితే రోటారుకు చేరిన శక్తిలో ఐదో వంతు రెసిస్టెన్స్ పెట్టెల్లో వేడిగా పోతుంది. పెద్ద ఫ్యాన్ల విషయంలో వీఎఫ్‌డీ వైపు మళ్లింపు ఇందుకే జరుగుతోంది. కిల్న్‌ను తిప్పేందుకు ఒకప్పుడు డీసీ మోటార్లే దిక్కు. నెమ్మదిగా తిరుగుతూ, మొదలయ్యేటప్పుడు రెండు రెట్లకు పైగా బలం ఇవ్వవలసిన ఆ పనిని ఇప్పుడు ఏసీ మోటారు, వీఎఫ్‌డీ జంట చేస్తోంది. బ్లోయర్లున్న సున్నపు బట్టీల్లోనూ మండే బొగ్గుకు తగినట్లు గాలిని వేగంతో సర్దుకోవచ్చు.

బియ్యం మిల్లులో పొడవాటి షాఫ్టు పోయినా..

ఒకప్పుడు తెనాలి, బాపట్ల ప్రాంతాల మిల్లుల్లో ఒకే పెద్ద మోటారు, పొడవాటి షాఫ్టు, దానిపై వరుసగా పుల్లీలు, బెల్టులు ఉండేవి. ఒక్క యంత్రం ఆడించాలన్నా మొత్తం షాఫ్టు తిరగవలసిందే. ఇప్పుడు యంత్రానికొక మోటారు వచ్చింది. అయితే పాత రోజుల భయంతో ప్రతిచోటా ఒక మెట్టు పెద్ద మోటారు పెట్టే అలవాటు మాత్రం పోలేదు. పది హార్స్‌పవర్ చాలిన చోట ఇరవై పెడితే అది సగం కూడా భారం లేకుండా తిరుగుతుంది. భారం 40 శాతానికి దిగువకు పడిపోయిన మోటారులో సామర్థ్యం, పవర్ ఫ్యాక్టర్ రెండూ తగ్గుతాయి. పాలిషర్‌కు ఆమ్మీటరు చూసి ధాన్యం పోత సర్దడం మిల్లు డ్రైవర్లకు తెలిసిన విద్యే. అదే ఆమ్మీటరు రీడింగును మోటారు పలకపై ఉన్న అంకెతో పోల్చి చూస్తే ఏ మోటారు అతిగా ఉందో తెలిసిపోతుంది. ఊక, తవుడు లాగే బ్లోయర్లకు వీఎఫ్‌డీ పెట్టవచ్చు. ఎలివేటర్లకు మంచి గేరు మోటారు, బిగువు తప్పని బెల్టు చాలు.

లిఫ్టులు, క్రేన్లకు వీఎఫ్‌డీ ఇప్పుడు మామూలు విషయమైంది. బరువు దిగేటప్పుడు మోటారు తానే విద్యుత్తు పుట్టిస్తుంది గనుక దాన్ని వేడిగా మార్చే బ్రేకింగు రెసిస్టర్‌ను, విద్యుత్తు పోయినా పట్టి ఉంచే మెకానికల్ బ్రేకును విడిచిపెట్టరాదు.

ఎండ, దుమ్ము, పాత వైండింగు

సరైన చోట పెట్టిన వీఎఫ్‌డీ కూడా అమరికలో పొరపాట్ల వల్ల కాలిపోతుంది. చాలా డ్రైవ్‌ల సామర్థ్యం 40 డిగ్రీల ఉష్ణోగ్రతకు లెక్కగట్టినది. పల్నాటి వేసవిలో రేకుల షెడ్డు కింద, మూసిన పెట్టెలో ఉండే వేడి అంతకు చాలా ఎక్కువ. ఒక మెట్టు పెద్ద డ్రైవ్ తీసుకోవడమో, గాలి ఆడే గది కట్టడమో తప్పదు. సున్నపు దుమ్ము, రాతి పొడి చేరకుండా ఫిల్టర్లను తరచూ శుభ్రం చేయాలి. డ్రైవ్‌కు, మోటారుకు మధ్య పవర్ ఫ్యాక్టర్ కెపాసిటర్ ఉంచరాదు. పాత స్టార్టరు తీసి డ్రైవ్ బిగించేటప్పుడు మోటారు వద్దనున్న కెపాసిటర్‌ను అలాగే వదిలేస్తే డ్రైవ్ దెబ్బతింటుంది. డ్రైవ్‌ల వల్ల పుట్టే హార్మోనిక్స్‌తో మిల్లు కెపాసిటర్ బ్యాంకు వేడెక్కుతుంది గనుక డ్రైవ్ ముందు లైను చోక్ పెట్టించుకోవడం మేలు.

పదేపదే రీవైండింగు చేసిన మోటారును వీఎఫ్‌డీకి కలిపేటప్పుడు రెండుసార్లు ఆలోచించాలి. డ్రైవ్ నుంచి వచ్చే వోల్టేజీ సూది మొనల్లాంటి స్పందనలతో ఉంటుంది. కేబుల్ పొడవు ఎక్కువైతే ఆ మొనలు మోటారు వద్ద మరింత పెరిగి, అసలే బలహీనమైన ఇన్సులేషన్‌ను చీల్చుతాయి. అలాగే షాఫ్టుకు బిగించిన ఫ్యానుతో చల్లబడే మోటారును నిండు బరువుతో చాలాసేపు సగం వేగానికి దిగువన నడిపితే గాలి చాలక వేడెక్కుతుంది. కన్వేయర్లు, ఎక్స్‌ట్రూడర్ల వద్ద విడిగా తిరిగే కూలింగు ఫ్యాను ఉన్న మోటారు అడగాలి.

కొత్త మోటారు కొనేవారు ఐఎస్ 12615 ప్రమాణం ప్రకారం ఐఈ2, ఐఈ3, ఐఈ4 తరగతుల్లో ఏదో పలకపై చూసుకోవాలి. ఏడాదిలో అధిక భాగం నడిచే మోటారుకు పై తరగతి ధర తేడా బిల్లులోనే తిరిగి వస్తుంది. సీజనులో రెండు నెలలు నడిచేదానికి ఆ తొందర లేదు. వీఎఫ్‌డీ కొటేషన్‌లో చూడవలసిన మాట మరొకటి ఉంది. ఒకే హార్స్‌పవర్‌కు నార్మల్ డ్యూటీ, హెవీ డ్యూటీ అని రెండు రకాలు అమ్ముతారు. మొదటిది ఫ్యాన్లు, పంపులకు. నిమిషం పాటు 150 శాతం కరెంటును తట్టుకునే రెండోది కన్వేయర్లు, క్రషర్లు, ఎక్స్‌ట్రూడర్లకు. ధర తక్కువ పలికిన కొటేషన్లు చాలాసార్లు మొదటి రకానివే. ఆర్డరు ఇచ్చేముందు యంత్రం పేరు, మొదలయ్యేటప్పటి బరువు, రోజుకు నడిచే గంటలు, షెడ్డులోని వేసవి ఉష్ణోగ్రత, ప్యానల్ నుంచి మోటారుకు కేబుల్ పొడవు కాగితంపై రాసి ఇచ్చి, వాటికి సరిపడుతుందని అమ్మకందారు చేత రాతపూర్వకంగా తీసుకోవాలి. వారం రోజుల పాటు గంటగంటకూ క్లాంపు మీటరుతో తీసిన కరెంటు రీడింగులు కూడా దానికి జతచేస్తే హార్స్‌పవర్ విషయంలో ఊహాగానాలకు తావుండదు.